అమావాస్య నాటి మగ్గాల లెక్క

పిల్లలతో సర్వేలు చేయించే పంతుళ్లకు, పంతులమ్మలకు ముందుగా ఒక మాట. మీరు పిల్లల చేతికి కాగితాలిచ్చి వీధిలోకి పంపుతారు. వాళ్లు నాలుగిళ్లు తిరిగి ఏదో రాసుకొచ్చి, రంగుల గీతలు గీసి గోడకంటిస్తారు. మీరు మురిసిపోతారు, తనిఖీకి వచ్చిన అధికారి తల ఊపుతాడు, వానాకాలం వచ్చేసరికి ఆ కాగితం చెదలపాలవుతుంది. సాధారణంగా జరిగేది ఇదే. మేం చేయించిన దానికి మాత్రం ఆ అదృష్టం పట్టలేదు. దాన్ని ఒక అధికారి చుట్టచుట్టి చంకలో పెట్టుకుపోయాడు. తర్వాత ఒక వీధి వీధంతా అన్నానికి లేక పోయేంత పని అయింది. నేను ఇన్నేళ్లు లెక్కలు చెప్పాను గానీ, లెక్కకు భయపడింది అప్పుడే.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. నిజాం రాజ్యం. నేను గద్వాలలో మిడిల్ స్కూల్లో లెక్కల పంతుల్ని. మాది కల్వకుర్తి, మా నాయనకు అక్కడ కిరాణా దుకాణం ఉండేది. చదువంతా ఉర్దూలో సాగేది. నేను లెక్కను ఉర్దూలో చెప్పి, పిల్లల మొహాలు చూసి, గొంతు తగ్గించి మళ్లీ తెలుగులో చెప్పేవాణ్ణి. అప్పుడే హైదరాబాదులో ట్రైనింగు పూర్తిచేసి వచ్చాను. పుస్తకంలో ఉన్న అంకెలతో గీతలు గీయిస్తే పిల్లలకు ఏమీ పట్టదని, అంకెలు వాళ్లే తెచ్చుకోవాలని అక్కడ ఒక పెద్దాయన చెప్పాడు. ఆ మాట నాకు తలకెక్కింది. గద్వాలలో తెచ్చుకోదగ్గ అంకెలు ఏమున్నాయని ఆలోచిస్తే ఆలోచించే పనే లేకపోయింది. బడి నుంచి బయటికి వస్తే మగ్గాల చప్పుడే వినపడేది.

హెడ్మాస్టర్ గారు హైదరాబాదు నగరం మనిషి. మంచివాడు, భయస్థుడు. తనిఖీ దగ్గర పడుతోంది కాబట్టి గోడకు అంటించడానికి ఏదైనా కొత్తది ఉంటే బాగుంటుందని ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. పాఠాలు పోకూడదని, బడికి సెలవైన శుక్రవారం నాడు పిల్లల్ని పంపమని రోజు కూడా ఆయనే ఖాయం చేశాడు. నేను సరేనన్నాను.

పిల్లలకు మూడు ప్రశ్నలిచ్చాను. ఇంట్లో మగ్గాలెన్ని, మీరు వెళ్లినప్పుడు వాటిలో నడుస్తున్నవెన్ని, ఆ ఇంట్లో నేసేవాళ్లు ఎవరెవరు. మొదటి రెండూ కళ్లతో చూసి రాయాలి, మూడోది ఇంటి పెద్దను అడిగి రాయాలి. "చూసిందే రాయండి. మీకు తోచింది రాయొద్దు, ఎవరి మీదో జాలిపడి రాయొద్దు" అని ఒకటికి రెండుసార్లు చెప్పాను. ఆ మాట చెబుతున్నప్పుడు నాకు నా మీద చాలా గౌరవం కలిగింది.

తరగతిలో ఒక నేతగాళ్ల పిల్లవాడు ఉండేవాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ చేతివేళ్లకు ఏదో ఒక రంగుతో వచ్చేవాడు. లెక్కల్లో వాడితో పోటీపడేవాళ్లు లేరు. ఈ పనికి వాడినే పెద్దను చేశాను. వాళ్ల వీధే కాబట్టి ప్రతి ఇంటివాళ్లూ తెలిసినవాళ్లే. శనివారం పొద్దున కాగితాలన్నీ వరసగా కట్టి నా బల్ల మీద పెట్టాడు. ఒక్క కొట్టివేత లేదు.

గీతలు గీయడానికి మా డ్రాయింగ్ మాస్టర్ వచ్చాడు. వనపర్తి మనిషి. అంకెలతో ఆయనకు నిమిత్తం లేదు, బొమ్మ చుట్టూ లతలూ పువ్వులూ ఎలా వేయాలన్నదే ఆయన బాధ. యుద్ధం వల్ల గళ్ల కాగితం దొరకలేదు. పెద్ద కాగితం మీద స్కేలు పెట్టి గళ్లు గీసుకున్నాం. మీరిప్పుడు బార్ గ్రాఫ్ అంటారు, అదే వేయించాను. నడుస్తున్న మగ్గాలు ఎరుపు, ఆగి ఉన్నవి నలుపు. పూర్తయ్యాక చూస్తే ఎరుపు కనపడడమే కష్టం. నలుపు మాత్రం కింది నుంచి పై దాకా నిలబడి ఉంది. నేను ఏమనుకున్నానో చెప్పనా? "యుద్ధం రోజుల్లో నేతగాళ్ల బతుకు ఎంత చితికిపోయిందో చూడు" అని నిట్టూర్చి, అదే మాట ఉర్దూలో అందంగా రాయించి బొమ్మ కింద పెట్టించాను.

తనిఖీకి విద్యాశాఖ అధికారితో పాటు ఇంకొకాయన కూడా వచ్చాడు. నూలు కంట్రోలు చూసే అధికారి. అప్పుడు నూలు బయట దొరికేది కాదు. మగ్గానికి ఇంతని కార్డు ఉండేది, డిపోలో ఆ కార్డు చూపించి తెచ్చుకోవాలి. ఊళ్లో ఆయన్ని అందరూ కంట్రోల్ దొర అనేవాళ్లు. బక్కపలచటి మనిషి, ఎప్పుడూ దగ్గుతూ ఉండేవాడు. అతిథి గృహంలో ఊసుపోక బడికి వచ్చాడని మేమనుకున్నాం. వరండాలో బొమ్మ ముందు ఆగి, ఈ నల్లవి ఏమిటని అడిగాడు. నా శిష్యుడు ముందుకు వచ్చి చక్కటి ఉర్దూలో చెప్పాడు.

"ఖాళీగా ఉన్న మగ్గాలు, సాబ్. మేమే ఇంటింటికీ తిరిగి చూసి రాసుకున్నాం."

"మీ కళ్లతో చూశారా?"

"జీ, సాబ్."

నాకు ఛాతీ పొంగింది.  ఆయన బొమ్మను మేకుల నుంచి జాగ్రత్తగా ఊడదీయించి, చుట్టచుట్టి చంకలో పెట్టుకున్నాడు. పై అధికారులకు చూపించడానికేమోనని హెడ్మాస్టర్ గారు మురిసిపోయాడు. డ్రాయింగ్ మాస్టర్ లతల గురించి ఏమైనా అన్నారా అని ఆ సాయంత్రమంతా అడిగాడు.

కొన్ని రోజులకు ఆ పిల్లవాడి నాయన బడికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు, వరండా కిందే నిలబడ్డాడు.

"సార్, మా పోరడు మీకేం రాసిచ్చిండు?" అని అడిగాడు. గొంతు పెంచలేదు.

"ఎందుకు? ఏమైంది?"

"డిపోల నూలు ఆపిన్రు. మా పోరడు గీసిన బొమ్మ జూపిచ్చి ఆపిన్రు. నల్లగున్నయన్ని ఉత్త మగ్గాలంట. ఉత్త మగ్గాలోళ్లకు నూలెందుకు, తీస్కపోయి దొంగ బజార్ల అమ్ముకుంటున్నరు అంటున్నడు దొర. సగం కార్డులు కొట్టేస్తడంట."

 "మీవాడు తప్పు రాశాడా?" అని అడిగాను.

"తప్పెందుకు రాస్తడు సార్? చూసిందే రాసిండు. ఆనాడు అమాస. అమాస నాడు ఏ నేతాయన మగ్గం ముడ్తడు? గిది గూడ తెల్వదా మీకు?"

తెలియదు. మా దుకాణం అమావాస్య నాడు కూడా తెరిచే ఉండేది. హెడ్మాస్టర్ గారు ముసల్మాను, నెలవంక కనిపించే రోజు కోసం చూసే మనిషి, కనిపించని రోజుతో ఆయనకు పనిలేదు. డ్రాయింగ్ మాస్టర్‌కు తెలుసు, కానీ ఆయన లతల్లో ఉన్నాడు. ఇక ఆ పిల్లవాణ్ణి పిలిచి, నాకెందుకు చెప్పలేదురా అని కోప్పడితే వాడు నా వైపు వింతగా చూశాడు.

"అమాస నాడు మగ్గం నడ్వదని అందరికెర్కే గద సార్. మీకు తెల్వదనుకోలే."

ఇది మీరు కాస్త గుర్తుపెట్టుకోండి. అందరికీ తెలిసిన సంగతిని ఎవరూ చెప్పరు. అడిగేవాడు పరాయివాడైతే అది కాగితం మీదికి రాదు. ట్రైనింగులో నాకు ఇది చెప్పలేదు.

హెడ్మాస్టర్ గారిని వెంటబెట్టుకుని నేను కంట్రోల్ దొర దగ్గరికి వెళ్లాను. ఆయన మర్యాదగానే కూర్చోబెట్టాడు. అమావాస్య సంగతి చెబితే దగ్గుతూ నవ్వాడు. ఆయన తెలుగులో ఉర్దూ కలిపి మాట్లాడేవాడు.

"మాస్టర్, నేను ఎన్నో ఊళ్లు తిరిగిన. నేను పోయిన దినమే ప్రతి ఊళ్ల ఏదో పండగ ఉంటది. ఖిల్లా ఘణపూర్ పోతే పెండ్లి అంటరు, ఇంకో ఊరు పోతే ఎవరో సచ్చిన్రు అంటరు. మగ్గాలు మాత్రం బంద్. ఈడ అమాస అంటున్నరు. ఈ బొమ్మ నేను గీసిన్నా? మీరే గీసిన్రు. కింద మాట కూడ మీరే రాసిన్రు. ఇప్పుడు వచ్చి నేను సరిగ్గ చదవలేదు అంటున్నరు."

నిజమే, ఆయన చదివింది మేం రాసిందే. 

చివరికి ఆయన ఒక తీర్మానం చెప్పాడు. తాను బడికి వస్తాడు. ఆ పిల్లవాణ్ణి పిలిచి అడుగుతాడు. వాడు చూసి రాసింది నిజమైతే కార్డులు కొట్టేస్తాడు. ఇంట్లో కూర్చుని ఊహించి రాశానంటే బొమ్మను చించేసి నూలు ఇప్పిస్తాడు, కానీ సర్కారు అధికారికి అబద్ధం చెప్పినవాడి పేరు బడిలోంచి తీసేయాలి. ఈ రెండిట్లో ఒకటే జరగాలి, మూడోది లేదన్నాడు.

ఆయన వచ్చేదాకా కొన్ని రోజులు గడువుంది. వీధిలో నూలు ఉన్నవాళ్లు ఉన్నంతవరకు నేశారు. అయిపోయిన ఇళ్లలో మగ్గాలు నిజంగానే ఆగాయి. పొద్దున బడికి వస్తుంటే చప్పుడు రోజురోజుకూ పలచబడడం నా చెవికే తెలిసేది. ఆ పిల్లవాణ్ణి వీధిలో ఎవరూ పలకరించడం లేదు. వాళ్ల నాయనతో కూడా మాటలు బంద్ చేశారు. వాడితో కలిసి కాగితాలు రాసిన పిల్లలే వాడి పక్కన కూర్చోవడం లేదు. వాడు మాత్రం బడి మానలేదు. మొదటి వరసలో ఒక్కడే కూర్చుని, నేను వేసిన లెక్కలన్నీ అందరికంటే ముందు చేసేవాడు. నాకు వాడి వైపు చూడడం కష్టంగా ఉండేది.

కంట్రోల్ దొర వచ్చే రోజు పొద్దున హెడ్మాస్టర్ గారు నన్ను గదిలోకి పిలిచాడు. అక్కడ డ్రాయింగ్ మాస్టరూ ఆ పిల్లవాడూ ముందే ఉన్నారు. ఏం జరగబోతోందో వాళ్ల మొహాలు చూడగానే అర్థమైంది. పిల్లవాడు ఇంట్లో కూర్చుని రాశానని చెబుతాడు. బడి పోతుంది, వీధి బతుకుతుంది. ముగ్గురూ కలిసి ఖాయం చేసేశారు, నాకు చెప్పడమే మిగిలింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "తరగతిలో ఒక్క అబద్ధం రాయనివాడు వీడు. వీణ్ణే అబద్ధాలకోరని చెప్పి పంపిస్తారా?" అని అరిచాను.

"జర నెమ్మది, మాస్టర్" అన్నాడు హెడ్మాస్టర్ గారు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి, రాత్రి నిద్రపోయినట్టు లేదు. "వేరే తోవ ఉంటే నువ్వే చెప్పు."

వేరే తోవ నాకూ తోచలేదు. పిల్లవాడే నన్ను ఓదార్చాడు.

"పర్వాలే సార్. బడి పోతే నాకు మగ్గమున్నది. మగ్గం పోతే ఏమున్నది?"

ఆ ఈడు పిల్లవాడి నోట్లోంచి ఆ మాట రావడం నాకు భరించలేనంత బాధ కలిగించింది. నేను గదిలోంచి బయటికి వచ్చి నిలబడ్డాను. అప్పటికే వీధిలోని మగవాళ్లంతా ఒక్కొక్కరే వచ్చి బడి గేటు దగ్గర పోగయ్యారు. 

కంట్రోల్ దొర వచ్చాడు. బల్ల మీద బొమ్మ పరిచి, నాలుగు మూలలా పుస్తకాలు పెట్టాడు. పిల్లవాణ్ణి ఎదురుగా నిలబెట్టి తెలుగులోనే అడిగాడు.

"ఇది నువ్వు చూసి రాసినవా?"

"లేదు సాబ్. ఇంట్ల కూసోని రాసిన."

"మొన్న కళ్లతో చూసిన అన్నవ్."

"అబద్ధం చెప్పిన, సాబ్."

దొర వాడి మొహంలోకి చూశాడు. తెలివితక్కువ మనిషి కాడు. కానీ తనకు కావలసిన రెండు జవాబుల్లో ఒకటి దొరికింది, దానితో ఫైలు మూసేయొచ్చు. హెడ్మాస్టర్ గారి వైపు తిరిగి, "పేరు తీసేయండ్రి" అన్నాడు. హెడ్మాస్టర్ గారు కలం అందుకున్నాడు. 

"ఇప్పుడు చెబుతున్నదే అబద్ధం" అన్నాను నేను.

ఎలా అన్నానో నాకే తెలియదు. ముందుగా అనుకున్న మాట కాదు. గదిలో అందరూ నా వైపు తిరిగారు.  పిల్లవాడు వద్దు సార్ అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. నేను ఆగలేదు.

"వాడు చూసిందే రాశాడు. వాడు రాసిన ప్రతి అంకె నిజం. మేం పంపిన రోజు తప్పు. ఒక్క రోజు చూసి ఏడాది మాట చెప్పకూడదు, నాకు అప్పుడు తెలియక చెప్పాను. మీకు నమ్మకం లేకపోతే రేపు మాపు వద్దు, ఇప్పుడే వీధికి రండి. ఎవరికీ కబురు చేసే సందు లేకుండా చూడండి."

దొర బొమ్మ చుట్టచుట్టి లేచాడు. "మంచిది. కానీ గేట్ కాడ ఉన్నోళ్లు ఒక్కడు కూడ కదలొద్దు" అన్నాడు. బంట్రోతును వాళ్లకు కాపలా పెట్టాడు.

గేటు దాటాకే నాకు తెలివి వచ్చింది. నేసే మగవాళ్లందరూ బడి గేటు దగ్గరే ఉన్నారు. మేం రాసిన కాగితాల్లో నేసేవాళ్ల పేర్లున్న ప్రతి మనిషీ బంట్రోతు కర్ర కింద నిలబడి ఉన్నాడు. ఇక వీధిలో మగ్గాలు ఎవరు నడుపుతారు? ఆవేశంలో నేను దొరను సరాసరి మూగబోయిన వీధిలోకి తీసుకుపోతున్నాను.  వెనక్కి తిరగడానికి వీల్లేదు.

పిల్లవాడి నాయన ఒక్కడు బంట్రోతును తోసుకుని మా వెంట పరుగెత్తుకొచ్చాడు. దొర ఎందుకో అతన్ని ఆపలేదు.

"ఇప్పుడొద్దు దొరా" అని బతిమాలసాగాడు. "ఇండ్లల్ల ఎవరు లేరు. రేపు రండ్రి. పొద్దుగాల రండ్రి, మేమంత ఉంటం."

"ఎందుకు వద్దు?" అన్నాడు దొర నడుస్తూనే.

"ఆడోళ్లు తప్ప ఎవరు లేరు దొరా. జర మా మాట వినుండ్రి."

అతను బతిమాలుతున్నకొద్దీ దొర అడుగులు వేగం పుంజుకున్నాయి. ఇతని మాటల్లో దొరకు దొంగతనం కనపడుతోందని నాకు అర్థమైంది. నోరు మూసుకో అని సైగ చేశాను, అతను నన్ను చూడనేలేదు. మొహం నిండా చెమట. డ్రాయింగ్ మాస్టర్ వెనక నుంచి నా చొక్కా పట్టుకుని, "ఎంత పని చేస్తివయ్యా, ఊరికే ఉంటే పోయేది గద" అన్నాడు. పిల్లవాడు నా పక్కనే నడుస్తున్నాడు, నాతో మాట్లాడడం లేదు. వాడి త్యాగాన్ని నేను కాలదన్నాను, ఇప్పుడు బడీ పోతుంది, నూలూ పోతుంది. వాడి నడకలోనే నాకు ఆ కోపం తెలుస్తోంది. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

మలుపు తిరిగితే వీధి. దొర మలుపు దగ్గరే ఆగి చేయి పైకెత్తాడు. అందరం ఆగాం.

మగ్గం చప్పుడు.

ఒకటి కాదు. ఇటు పక్క ఒకటి, దాని అవతల ఒకటి, ఎదురు వరసలో ఇంకో రెండు. అక్కడక్కడా నిశ్శబ్దంగా ఉన్న ఇళ్లు ఉన్నాయి, కానీ వీధి మూగబోలేదు. నాకు ఏమీ అర్థం కాలేదు. నేను వెనక్కి తిరిగి చూస్తే పిల్లవాడి నాయన గోడకు ఆనుకుని తల దించుకున్నాడు. నేను అప్పటిదాకా అనుకున్నదంతా తలకిందులైంది. చప్పుడు వినపడదని కాదు అతని భయం, వినపడుతుందని.

మొదటి ఇల్లు వాళ్లదే. తలుపు తెరిచే ఉంది. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని ఆ పిల్లవాడి తల్లి కూర్చుని ఉంది. ఎదురుగా అంచు దగ్గర ఒక ముసలామె. గద్వాల చీర సంగతి మీకు తెలుసు కదా, నడుమంతా నూలు, అంచు పట్టు, రెండూ కలిసే చోట పోగుకు పోగు మెలివేయాలి. అది ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. మా అమ్మకు జీతంలోంచి అలాంటి చీర ఒకటి కొనిచ్చినవాణ్ణి నేను. అంచు దగ్గర రెండో మనిషి ఎవరని ఒక్కనాడూ అడగలేదు.

దొర గడప బయటే నిలబడ్డాడు. ఆడవాళ్లను చూడగానే మొహం పక్కకు తిప్పుకుని, పిల్లవాడితో అడిగించాడు.

"మగ్గం ఎవరిదని అడుగుతున్నడమ్మా."

"మీ నాయినది." ఆమె నేత ఆపలేదు. అంచు మధ్యలో ఉంది, ఆపితే పోగు జారుతుందేమో.

"ఇయ్యాల నువ్వెందుకు నేస్తున్నవని అడుగుతున్నడు."

"మొగోళ్లు బడికాడికి పోయిన్రు. ఉన్న నూలన్న అయిపోవద్దా? చీర ఇచ్చే దినం ఎవరన్న జరుపుతరా?"

"ఎప్పటిసంది నేస్తున్నవని..."

"పెండ్లైనకాడికెల్లి. అందరిండ్లల్ల గంతే."

 దొర ఆ వీధి ఆ చివర దాకా నడిచాడు. ఏ ఇంట్లోకీ పోలేదు. ప్రతి గడప బయటా ఆగి, తల వంచి విని, ముందుకు కదిలాడు. చప్పుడు లేని ఇంటి దగ్గర మాత్రం పిల్లవాణ్ణి లోపలికి పంపి కారణం కనుక్కున్నాడు. నూలు అయిపోయిందనే జవాబు వచ్చింది. మేం వెనకే నడిచాం. వీధి చివర ఆయన చాలాసేపు దగ్గి, నీళ్లు తాగి, నా చేతికి ఆ బొమ్మ ఇచ్చేశాడు.

"మాస్టర్, మీ కాగితంల నేసేటోళ్ల పేర్లల్ల ఒక్క ఆడమనిషి లేదు" అన్నాడు.

"లేదు" అన్నాను.

"నా కార్డులల్ల కూడ లేదు" అన్నాడు ఆయన. తర్వాత, రేపు డిపోలో నూలు ఇస్తారని పిల్లవాడి నాయనతో చెప్పి వెళ్లిపోయాడు. ఒక్క కార్డూ కొట్టేయలేదు. ఒక్క కార్డూ పెంచనూ లేదు.

వీధివాళ్లు నాకు దండలు వేసి ఉంటారని మీరనుకుంటే పొరపాటు. మగవాళ్లు నా మొహం చూడడం మానేశారు. తమ ఇంట్లో ఆడవాళ్లు నేస్తారని బయటికి తెలియడం వాళ్లకు చిన్నతనం. ఆ మగవాడికి మగ్గం మీంచి చీర దింపే చేవ లేదని పదిమందీ అంటారు. అందుకే ఇంటి పెద్దను అడిగితే మగవాళ్ల పేర్లే చెప్పాడు, పిల్లలు అవే రాసుకున్నారు. అందుకే ఆ నాయన దారి పొడుగునా అంతలా బతిమాలాడు. నూలు తెచ్చిపెట్టాను గానీ పరువు తీశాను. దానికి వాళ్లు నన్ను క్షమించలేదు, క్షమించాలని నేనూ అడగలేదు.

బడిలో కూడా సంగతి అక్కడితో ఆగలేదు. తప్పుడు బొమ్మ ఎలా తయారైందని పై నుంచి సంజాయిషీ అడిగారు. కాగితం మీద ఎవరో ఒకరు తప్పు చేయాలి. రోజు ఖాయం చేసింది హెడ్మాస్టర్ గారు. ఆయనకు పెళ్లికావలసిన పిల్లలున్నారు, పదవీవిరమణ దగ్గర పడింది. పిల్లవాడి పేరు రాస్తే అందరికీ తేలికయ్యేది, డ్రాయింగ్ మాస్టర్ సలహా అదే. నేను నా పేరు రాసిచ్చాను. ఇందులో నా గొప్పేమీ లేదు. ఆ రోజు గదిలో అంత మాట అన్నాక ఇంకో పేరు రాస్తే ఆ పిల్లవాడి ముందు మళ్లీ సుద్దముక్క పట్టుకోగలనా? నన్ను మన్ననూరుకు బదిలీ చేశారు. అడవిలో కొత్తగా పెట్టిన చిన్న బడి. పులులున్న చోట సర్వేలు చేయించడని అనుకుని ఉంటారు.

వెళ్లే ముందు ఆ పిల్లవాడి ఇంటికి పోయాను. వాణ్ణి బడి మాన్పించొద్దని చెప్పడానికి. వాడు గడపలో కూర్చుని నూలు కండెలు చుడుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. వాళ్ల నాయన లోపలి నుంచి వచ్చి, నన్ను చూసి పక్క సందులోకి వెళ్లిపోయాడు. నేను చెప్పాలనుకున్నది గడప బయట నిలబడే చెప్పాను. వీడికి మంచి చదువు వస్తుంది, ఈ ఏడు పరీక్షకు పంపండి, పుస్తకాలు నేను మన్ననూరు నుంచి పంపిస్తాను, ఇలా ఏవేవో. లోపల మగ్గం చప్పుడు ఆగింది.

"బడికి తోలుతం సారూ" అన్నది ఆ తల్లి. "వాడు చదువుకోవాలనే కదా నేను గీ గుంటల కూసునేది."

నాకు కొంత ధైర్యం వచ్చింది. ఇంకోసారి మీ ఇంటికి ఎవరినీ లెక్కలు రాయడానికి పంపనని, నా వల్ల మీకు చాలా కష్టం కలిగిందని అన్నాను.

"పంపకుంటె ఎట్ల? మళ్ల ఏ దొరనో వచ్చి నూలు ఆపితే అప్పుడేం జూపిస్తరు?" అన్నది. పోగును అటూ ఇటూ నడిపే నాడె చేతిలోకి తీసుకుంది. నేయడం మొదలుపెట్టే ముందు తల తిప్పి, మొదటిసారి నా మొహంలోకి సూటిగా చూసింది.

"పంపుండ్రి సారూ. కానీ ఈసారి మొగోళ్లను అడగొద్దని చెప్పుండ్రి. నన్నడగమనుండ్రి."